కండ ఎంత పెరిగినా సన్నగానే ఉన్నాననిపిస్తోందా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను

జిమ్ మానేయమని చెప్పడానికి రాయట్లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. నేను ట్రైనర్‌ని. పొద్దున బ్యాచ్, సాయంత్రం బ్యాచ్ రెండూ చూస్తాను, బరువులెత్తడం వల్ల మనిషి ఎంత బాగుపడతాడో రోజూ కళ్లారా చూస్తున్నవాణ్ణి. కానీ కొంతమంది కుర్రాళ్లలో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. మే నెల ఎండల్లో హుడీ వేసుకుని వస్తాడు, లోపల ఇంకో రెండు టీషర్టులు ఉంటాయి, కాస్త నిండుగా కనిపించాలని. సెట్ అవ్వగానే అద్దం దగ్గరికి వెళ్లి చెయ్యి మడిచి చూసుకుంటాడు, పక్కవాడి చెయ్యి చూస్తాడు, మళ్లీ తన చెయ్యి చూసుకుంటాడు, మొహం వాడిపోతుంది. మా కంటికి ఆ ఫ్లోర్ మీద అందరికన్నా బాగున్నవాళ్లలో వాడొకడు. వాడికి మాత్రం ఇంటర్‌లో అందరూ పుల్ల అని పిలిచిన పిల్లాడే ఇంకా అద్దంలో కనిపిస్తున్నాడు.

దీన్ని మజిల్ డిస్మార్ఫియా అంటారు. అమెరికాలో హారిసన్ పోప్ అనే సైకియాట్రిస్ట్, ఆయన తోటివాళ్లు బాడీ బిల్డర్లని పరిశీలించి 1993లో మొదట దీని గురించి రాశారు, ఇప్పుడున్న పేరు 1997లో వచ్చింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 లో, అంటే ప్రపంచమంతా డాక్టర్లు చూసే మానసిక జబ్బుల జాబితాలో, బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (ఒంట్లో పెద్ద లోపం ఉందని అదే పనిగా బాధపడే జబ్బు) కింద దీన్ని చేర్చారు, ఆ డిజార్డర్ ఓసీడీ కుటుంబంలోది, అంటే వద్దన్నా ఆగని ఆలోచనలు, వాటిని తట్టుకోలేక చేసిందే మళ్లీ మళ్లీ చేయడం. ఈ ఓసీడీ సంగతి గుర్తుపెట్టుకో, కింద చెప్పేదంతా దాని మీదే నడుస్తుంది. చేతులు కడిగీ కడిగీ తోలు ఊడుతున్నా ఇంకా మురికి పోలేదని బాధపడే మనిషికి ఇంకో మంచి సబ్బు కొనిస్తే ఏం లాభం? అలాగే నీ చెయ్యి ఇంకో రెండంగుళాలు పెరిగినా ఈ బాధ పోదు. తగ్గాల్సింది చూసుకోవడం, కొలుచుకోవడం, పోల్చుకోవడం, దాచుకోవడం. అవి తగ్గితే ఒళ్లు ఉన్నది ఉన్నట్టు కనబడటం మొదలవుతుంది.

మొదట, నీది జిమ్ పిచ్చో, ఇదో తేల్చుకో

జిమ్ అంటే పిచ్చి ఉండటం జబ్బు కాదు. రోజూ పొద్దున్నే అయిదింటికి లేచి వచ్చేవాళ్లు, తిండి లెక్కగా తినేవాళ్లు, పోటీలకి తయారయ్యేవాళ్లు చాలామంది హాయిగా ఉన్నారు. కాబట్టి ఎంతసేపు ఎక్సర్‌సైజ్ చేస్తున్నావు అన్నది చూడకు, వేరేవి చూడు.

రోజు మొత్తంలో నీ ఒంటి గురించిన ఆలోచనలన్నీ కలిపితే గంట దాటుతోందా? ఈ సమస్య ఉందేమో చూడటానికి డాక్టర్లు వాడే ప్రశ్నల్లో ఈ గంట లెక్క ఒకటి. ఒక్క రోజు జిమ్‌కి వెళ్లలేకపోతే ఆ రోజంతా చిరాకు, భయం, ఇంట్లోవాళ్ల మీద అరుపులు ఉన్నాయా? భుజం పట్టేసినా, మోకాలు వాచినా, జ్వరం ఉన్నా ఆపలేకపోతున్నావా? జిమ్ టైము పోతుందని ఇంటర్వ్యూ, పరీక్ష, చెల్లెలి నిశ్చితార్థం లాంటివి వదిలేశావా? చొక్కా విప్పాల్సి వస్తుందని స్నేహితులతో వెళ్లాల్సిన ట్రిప్పు ఎగ్గొట్టావా?

నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసేది ఇంకొకటి. పోటీకి తయారయ్యేవాడు పెంచుకున్న ఒళ్లు స్టేజి మీద చూపిస్తాడు, ఇష్టంగా చూపిస్తాడు. ఈ బాధ ఉన్నవాళ్లలో చాలామంది అన్ని గంటలు కష్టపడి పెంచుకున్న ఒంటిని దాచుకుంటారు. నువ్వు దాచుకుంటున్నావంటే మిగతాది చదువు.

తర్వాత, ఒక వారం లెక్క రాయి

ఏమీ మార్చకు. ఫోన్‌లో నోట్స్ తెరిచి, ఒంటిని ఎన్నిసార్లు చూసుకున్నావో రాయి చాలు. అద్దం, బైకు అద్దం, షాపు గాజు తలుపు, ఫోన్ స్క్రీన్ మీద నీడ, అన్నీ లెక్కే. చేత్తో తడిమి చూసుకోవడం, మణికట్టు చుట్టూ వేళ్లు పెట్టి కొలవడం, టేపు, వేయింగ్ మెషిన్, సెల్ఫీ, పాత ఫోటోతో పోల్చడం, "తగ్గానా?" అని ఎవర్నైనా అడగటం కూడా. పక్కన టైము వెయ్యి, దానికి ముందు ఏం జరిగిందో ఒక్క ముక్క రాయి.

వారం చివర చూస్తే ఒక వరస కనిపిస్తుంది. కొందరికి స్నానం అయ్యాక ఎక్కువ, కొందరికి రాత్రి పడుకుని రీల్స్ చూశాక, కొందరికి ఏదైనా ఫంక్షన్‌కి వెళ్లే ముందు. ఎవరో బంధువు "ఏంట్రా ఇలా అయిపోయావ్, తిండి తినట్లేదా" అన్న రోజున లెక్క రెట్టింపు ఉంటుంది. (మన ఇళ్లల్లో పలకరింపే ఇది. ప్రేమగానే అంటారు, తెలుసు. అయినా పదిహేనేళ్ల పిల్లాణ్ణి పట్టుకుని గాలొస్తే ఎగిరిపోతావ్ అంటే వాడు దాన్ని పాతికేళ్లొచ్చినా మోస్తూనే ఉంటాడు, దయచేసి అనకండి.)

ఇప్పుడు చూసుకోవడం తగ్గించు

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకు. అన్నీ ఒకేసారి మానేస్తానని శపథం చేసినవాళ్లు నాలుగో రోజుకి మళ్లీ అద్దం ముందే ఉంటారు. నీ లెక్కలో తేలిగ్గా వదలగలిగింది ఒకటి తీసుకో. చాలామందికి అది టేపు. ఇంట్లో ఎవరికైనా ఇచ్చేసి అటక మీద పడెయ్యమను. రెండోది వేయింగ్ మెషిన్, వారానికి ఒక్కసారి, అదే రోజు, అదే టైముకి. తాగిన నీళ్లు, తిన్న ఉప్పు, రాత్రి భోజనం వీటిని బట్టే మనిషి బరువు ఒక్క రోజులో కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది, కాబట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి కండ కరిగిపోయిందని ఏడవడంలో అర్థం లేదు.

అద్దం విషయం కొంచెం జాగ్రత్త. పూర్తిగా మానేసి, అద్దాలన్నిటికీ దుప్పటి కప్పేయడం కూడా అదే భయానికి ఇంకో రూపం. తల దువ్వుకోవడానికి, గడ్డం గీసుకోవడానికి, చొక్కా సరిచేసుకోవడానికి చూడు. చూసేటప్పుడు అద్దానికి మొహం ఆనించకుండా రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి మొత్తం మనిషిని చూడు, ఒక్క భుజాన్నో ఒక్క ఛాతీనో కాదు. కనిపించింది కనిపించినట్టు నీకు నువ్వే చెప్పుకో: నీలం టీషర్టు వేసుకున్నాను, కుడి భుజం కొంచెం కిందికి ఉంది, మోచేతి మీద చిన్నప్పటి మచ్చ ఉంది, అలా. "చండాలంగా ఉన్నాను" అనేది కంటికి కనిపించింది కాదు, బుర్రలోంచి వచ్చింది. ఆ రెంటికీ తేడా పట్టుకోవడం అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మానసిక నిపుణులు కూడా ఇదే పద్ధతిలో నేర్పిస్తారు.

చూసుకోవాలని గట్టిగా అనిపించినప్పుడు పదిహేను నిమిషాలు ఆగు. ఎంత టెన్షన్‌గా ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసుకో. ఆ పదిహేను నిమిషాలూ కాళ్లూ చేతులూ ఆడవు, మొదట్లో అంకె ఇంకా పెరుగుతుంది కూడా. ఊరుకో, పెరగనీ. కాసేపటికి దానంతట అదే దిగుతుంది, చూసుకోకపోయినా దిగుతుంది. నీ బుర్రకి తెలియాల్సింది ఆ ముక్కే, ఎవరు ఎంత చెప్పినా తెలియదు, నీకు నువ్వు అనుభవిస్తేనే తెలుస్తుంది. పదిహేను తేలికైతే అరగంట చెయ్యి, తర్వాత గంట. ఎక్కువ రోజులు చేసేకొద్దీ ఆ కోరికకి పదును తగ్గిపోతుంది.

అడగటం కూడా చూసుకోవడమే. "అన్నా, ఈ వారం తగ్గానా?" అని నన్ను అడిగే కుర్రాళ్లున్నారు, లేదురా బాగున్నావ్ అంటే మొహం వెలుగుతుంది, ఇంకో మెషిన్ దగ్గరికి వెళ్లేలోపు ఆరిపోతుంది, "ఊరికే అంటున్నావు కదా" అని మళ్లీ వస్తారు. నేను ఇప్పుడు జవాబివ్వను. "స్క్వాట్ ఎంత కొట్టావ్ ఇవాళ?" అని అడుగుతాను. నువ్వు కూడా అమ్మకో, ఫ్రెండుకో, పెళ్లయి ఉంటే భార్యకో ముందే చెప్పి పెట్టు: నేను అడిగినా నువ్వు చెప్పొద్దు, మాట మార్చెయ్ అని.

ఇక ప్రోగ్రెస్ ఫోటోల ఫోల్డర్ ఉంటుంది, వందల ఫోటోలు, అదే బాత్‌రూమ్, అదే లైటు. తీసెయ్. ఒక్కసారిగా చెయ్యి రాకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసి నమ్మకమైనవాడి దగ్గర పెట్టు. కొత్తవి తీయకు.

జిమ్‌లో ఏం మార్చాలి

అద్దాల గోడకి వీపు పెట్టి చెయ్యి. ఫామ్ చూసుకోవాలంటే ట్రైనర్‌ని పిలువు, ఉన్నది అందుకే. జీతమిచ్చేది కూడా అందుకే.

కొలత మార్చు. ఒక నోట్‌బుక్ పెట్టి ఎంత బరువు, ఎన్ని రెప్స్ అన్నవే రాయి. ఎలా కనిపిస్తున్నాను అనేది లైటుని బట్టి, మూడ్‌ని బట్టి గంటకోలా మారుతుంది, అరవై కిలోలు ఎప్పుడైనా అరవై కిలోలే. వర్కౌట్ అవ్వగానే వచ్చే పంప్ అంటే కండలోకి రక్తం ఎక్కువగా రావడం, గంటో రెండు గంటలో అయితే దిగిపోతుంది. ఆ పంప్‌లో ఉన్న ఒంటినే అసలు ఒళ్లు అనుకుని, మిగతా ఇరవై రెండు గంటలూ పాడైపోయానని కుమిలిపోయేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వారంలో కనీసం ఒక పూర్తి సెలవు, రెండైతే ఇంకా మంచిది. భయం వేస్తుంది, తెలుసు. ఒక వారం మొత్తం వెళ్లకపోయినా కండ కరిగిపోదు, రెండు మూడు వారాలు ఆపినా బలం చాలావరకు అలాగే ఉంటుంది. రెండు రోజులకే చప్పబడినట్టు కనిపించడానికి కారణం కండ పోవడం కాదు, కండలో శక్తి కోసం నిల్వ ఉండే గ్లైకోజన్ అనే పిండిపదార్థం, దానితో పాటు ఉండే నీళ్లు తగ్గడం. ఒక గ్రాము గ్లైకోజన్‌తో మూడు గ్రాముల దాకా నీళ్లుంటాయి, మళ్లీ సరిగ్గా తిని ఒక సెషన్ చేస్తే తిరిగొస్తాయి. సెలవు రోజు ముందు రాత్రి ఒక కాగితం మీద "రేపు వెళ్లకపోతే ఏమవుతుందని భయపడుతున్నాను" అని రాసుకుని, ఎల్లుండి దాన్ని తీసి చదువు.

నొప్పి ఉన్నచోట బరువు వద్దు. ఈ ఒక్క రూల్‌కి సడలింపు లేదు. భుజాన్ని పట్టి ఉంచే రొటేటర్ కఫ్ చిరిగితే నెలలు పోతాయి.

తిండి

పెళ్లికి ఉడకబెట్టిన చికెన్ డబ్బాలో పట్టుకెళ్లి, విస్తళ్ల దగ్గర కాకుండా కార్లో కూర్చుని తినేవాడు నాకు తెలుసు. అలా మొదలవుతుంది, తర్వాత పెళ్లికి వెళ్లడమే మానేస్తాడు.

లెక్క చెప్తాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 70 కిలోలున్నవాడికి 58 గ్రాములు. బరువులెత్తేవాడికి అంతకన్నా ఎక్కువ కావాలి, ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో అనుకో. గుడ్డులో సుమారు 6 గ్రాములు, మిగతావి వండకముందు తూకంలో చెప్తున్నా, వంద గ్రాముల చికెన్ బ్రెస్ట్‌లో 22 దాకా, వంద గ్రాముల పెసరపప్పులో 24, వంద గ్రాముల మీల్‌మేకర్‌లో 50 పైన. ఇంట్లో వండే తిండితోనే దాదాపు అందరికీ సరిపోతుంది. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడి ఒక స్కూప్ కలుపుకుని తాగితే కొంపలు మునిగిపోతాయని నేను అనను, కానీ ఆ డబ్బా లేని రోజున నీకు చేతులు వణుకుతుంటే సమస్య ప్రొటీన్‌ది కాదు.

చేయాల్సిందల్లా, వారంలో ఒక పూట తూకం వెయ్యకుండా, యాప్‌లో ఎక్కించకుండా, ఇంట్లో అందరితో కూర్చుని వండింది తినడం. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి, ఏదైతే అది. తిన్నాక అద్దం దగ్గరికి వెళ్లకూడదు, దానికి బదులుగా రాత్రి ఎక్స్‌ట్రా కార్డియో చెయ్యకూడదు. వారానికి ఒక పూట అలవాటయ్యాక రెండు చెయ్యి, ఆ తర్వాత బయట ఫంక్షన్‌లో కూర్చో.

ఫోన్, సినిమా

వందేళ్ల కిందట కోడి రామ్మూర్తి నాయుడిని కలియుగ భీముడని మొత్తం దేశం చెప్పుకుంది, గుండెల మీద ఏనుగునెక్కించుకున్న మనిషి. తర్వాత తరంలో దండమూడి రాజగోపాలరావు, వెయిట్‌లిఫ్టర్, 1963లో నర్తనశాలలో భీముడి వేషం వేసింది ఆయనే, బెజవాడ ఇండోర్ స్టేడియంకి పెట్టింది ఆయన పేరే. వాళ్ల పొట్ట మీద గీతలెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు, ఎంత ఎత్తగలరన్నదే చూశారు. తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, దండీలు, బస్కీలు తీసినవాళ్ల సంగతీ అంతే. మన సినిమాల్లో సిక్స్ ప్యాక్ మాట గట్టిగా వినబడింది 2007లో అల్లు అర్జున్ దేశముదురుతో, 2012 పూలరంగడు నాటికి కమెడియన్‌గా మనకి తెలిసిన సునీల్ కూడా సిక్స్ ప్యాక్‌తో వచ్చాడు. వాళ్లు పడ్డ కష్టాన్ని తక్కువ చేయట్లేదు. కానీ నెలల తరబడి ట్రైనర్లు, వంటవాళ్లు, అదొక్కటే పనిగా పెట్టుకుని ఒంటిని తయారు చేసుకునేవాళ్లకీ, కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేసొచ్చి జిమ్‌కి వెళ్లే నీకూ పోలిక పెట్టుకోవడం నీకు నువ్వు చేసుకునే అన్యాయం. షాట్ ముందు నీళ్లు తగ్గిస్తారు, పంప్ చేయిస్తారు, పైనుంచి లైటు వేస్తారు, ఆ ఒళ్లు ఏడాది పొడుగునా ఎవరికీ ఉండదు.

ఇన్‌స్టాగ్రామ్ ఇంకా అన్యాయం, ఎందుకంటే అక్కడ సినిమా అని బోర్డు ఉండదు. పచ్చి లివర్ తిని ఈ ఒళ్లు పెంచానని చెప్పుకున్న లివర్ కింగ్ అనే అమెరికా ఆయన, స్టెరాయిడ్స్ వాడానని 2022 డిసెంబర్‌లో తనే వీడియో పెట్టి ఒప్పుకున్నాడు. న్యాచురల్ అని రాసుకున్న ప్రతివాడినీ నమ్మకు.

ఇవాళ రాత్రే కూర్చుని, చూడగానే నీ ఒంటి మీద నీకు అసహ్యం పుట్టించే అకౌంట్లన్నీ అన్‌ఫాలో చెయ్యి, అలాంటివి కనిపించిన ప్రతిసారీ నాట్ ఇంట్రెస్టెడ్ నొక్కు. కొన్ని రోజులు నొక్కుతూనే ఉండాలి, అది అంత తేలిగ్గా వదలదు. క్రికెట్, వంటలు, బైకులు, నీకిష్టమైనవి వెతికి చూస్తే ఫీడ్ మెల్లగా మారుతుంది. పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో పెట్టు.

దాచుకోవడం మానడం, మెట్టు మెట్టుగా

నువ్వు తప్పించుకుంటున్నవన్నీ ఒక కాగితం మీద రాసి, తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి వరస పెట్టు. ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. ఒకడికి ఇంట్లో బనియన్‌తో వరండాలో కూర్చోవడమే మొదటి మెట్టు. తర్వాత హాఫ్ హ్యాండ్స్ టీషర్టు, ఒక్కటే, వేసుకుని కిరాణా షాపుకి వెళ్లడం. తర్వాత ఒంటికి సరిపడే చొక్కాతో ఫంక్షన్. ఆ పైన గోదావరి రేవులో స్నానం, లేదా చొక్కా విప్పితేగానీ లోపలికి రానివ్వని గురువాయూర్ లాంటి కేరళ గుళ్లు. కొత్తగా పెళ్లయి సత్యనారాయణ వ్రతానికి పంచె, కండువాతో పీటల మీద కూర్చోవాలని తెలిసి రెండు వారాలు నిద్రపోని పెళ్లికొడుకులు ఉంటారు, ఎవరికీ చెప్పుకోరు.

ఒక మెట్టు మీద విసుగు పుట్టేదాకా ఉండు, ఆ తర్వాతే పైది. మధ్యలో మోసం చేసుకోకు, అంటే బయటికెళ్లే ముందు బాత్‌రూమ్‌లో పుషప్స్ కొట్టి పంప్ తెచ్చుకుని వెళ్లడం, చేతులు కట్టుకుని నిలబడటం, ఊపిరి బిగబట్టి ఛాతీ విరిచి నడవడం లాంటివి చేస్తే మెట్టెక్కినట్టు కాదు. వెళ్లొచ్చాక, ఎంతమంది నీ ఒంటి గురించి మాట్లాడారో రాయి. చాలాసార్లు అక్కడ సున్నా ఉంటుంది. ఎవడైనా ఏదైనా అన్నా కూడా రాయి, అన్న తర్వాత నువ్వు బతికే ఉన్నావు కదా, అది కూడా రాయి.

ఇంజెక్షన్ల దాకా వెళ్లి ఉంటే

నేను తిట్టను, కానీ దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. కండ కోసం వాడే స్టెరాయిడ్స్, టెస్టోస్టెరాన్, డెకా, స్టానోజోలాల్, ట్రెన్, ఏ పేరుతో వాడినా బయటినుంచి హార్మోన్ వస్తుంటే శరీరం తన సొంత తయారీ ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి, పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. కొందరికి రొమ్ములు పెరుగుతాయి, సర్జరీ తప్ప దారుండదు ఒక్కోసారి. మంచి కొలెస్ట్రాల్ పడిపోయి చెడ్డది పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండరం మందమవుతుంది. బయటికి కనబడే కండ పెరిగినంత సంతోషంగా ఈ కండ పెరగకూడదు. ఒకే సూది, ఒకే వయల్ (మందు సీసా) ఇద్దరు వాడితే హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ వచ్చే ప్రమాదం. ఎనర్జీ కోసమని జిమ్‌ల చుట్టూ తిరిగే మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ అయితే ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చినప్పుడు బీపీ పడిపోతే ఎక్కించే మందు, దాన్ని ఆరోగ్యంగా ఉన్నవాడు పొడుచుకుంటే గుండె వేగం, బీపీ ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు, అలవాటు పడితే బుర్ర కూడా చెడుతుంది.

వాడుతున్నవి ఆపాలి, కానీ ఒక్కడివే గదిలో కూర్చుని ఆపకు. ఆపాక సొంత హార్మోన్ తిరిగి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది, ఆ మధ్యలో నీరసం, కోరిక లేకపోవడం, తీవ్రమైన డిప్రెషన్, చచ్చిపోవాలనిపించడం రావచ్చు. కండ కూడా తగ్గుతుంది కాబట్టి ఈ జబ్బున్నవాడు మళ్లీ అటే పరిగెత్తుతాడు. ఎండోక్రినాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి ఏం వాడావో, ఎంత వాడావో, ఎన్నాళ్లు వాడావో ఉన్నదున్నట్టు చెప్పు. బ్లడ్ టెస్టులు రాస్తారు: రక్తకణాల లెక్క చూసే సీబీసీ, కొలెస్ట్రాల్ చూసే లిపిడ్ ప్రొఫైల్, లివర్, టెస్టోస్టెరాన్, వృషణాల్ని నడిపే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, అవసరమైతే గుండెకి ఎకో. లివర్ టెస్టుకి ముందు హెవీ వర్కౌట్ చేసి ఉంటే ఆ సంగతి కూడా చెప్పు, కండరాలు నలిగినా అందులో కొన్ని అంకెలు పెరుగుతాయి. జిమ్‌లో అన్న చెప్పిన పీసీటీ చార్టు (స్టెరాయిడ్స్ ఆపాక ఏ మందులు వాడాలో రాసిచ్చే కాగితం) డాక్టర్‌కి బదులు కాదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

పైవన్నీ రెండు నెలలు చేసినా లెక్క తగ్గకపోతే, లేదా మొదలుపెట్టడానికే చేతకాకపోతే, సైకియాట్రిస్ట్‌నో క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలువు. చచ్చిపోవాలని ఒక్కసారి అనిపించినా రెండు నెలలు ఆగకు, ఆ రోజే. ఈ జబ్బులో ఆ ఆలోచనలు ఎక్కువ, అందుకే గట్టిగా చెప్తున్నా. 14416 కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్, 2022 నుంచి ప్రభుత్వం నడుపుతోంది, డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో చదువుకుంటున్నవాళ్లకి 988. ప్రైవేటుకి డబ్బు లేకపోతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి, మెడికల్ కాలేజీల ఆస్పత్రుల్లోనూ సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ అంటే నవ్వుతారని ఆగిపోకు, నవ్వేవాళ్లు నీ రాత్రుళ్లు గడపట్లేదు.

లోపలికెళ్లి "డిప్రెషన్‌గా ఉంది" అని మాత్రమే చెప్పి వచ్చేయకు. చాలామంది మగవాళ్లు అసలు విషయం సిగ్గుతో దాచేస్తారు, డాక్టర్ ఎదుట కండలతో కూర్చున్నవాడిని చూసి ఈ బాధ ఊహించలేకపోవచ్చు. నువ్వు రాసిన వారం లెక్క చూపించి, "నేను సన్నగా ఉన్నాననే ఆలోచన ఆపలేకపోతున్నాను, రోజుకి ఇన్నిసార్లు చూసుకుంటున్నాను" అని చెప్పు. సీబీటీ అనే కౌన్సెలింగ్ పద్ధతి ఉంటుంది, పైన చెప్పిన చూసుకోవడం తగ్గించడం, మెట్లు ఎక్కడం అందులోవే, నిపుణుడితో చేస్తే ఇంకా గట్టిగా పనిచేస్తాయి. ఎస్ఎస్ఆర్ఐ అనే రకం మందులు ఇవ్వొచ్చు. అవి ఈ సమస్యకి పనిచేయడం తెలియాలంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, రెండు వారాలకే ఏం తేడా లేదని ఆపేయకు, బాగైపోయానని నీ అంతట నువ్వూ ఆపకు.

ఇంట్లోవాళ్లకి నాలుగు మాటలు

అమ్మానాన్నలు, అక్కలు, భార్యలు ఇది చదువుతుంటే ఒకటి అర్థం చేసుకోండి, అబ్బాయిది అందం పిచ్చి కాదు, పొగరు కాదు. "నీకేం తక్కువరా, హీరోలా ఉన్నావ్" అంటే వాడికి వినబడదు, "ఇదేం పిచ్చి" అంటే ఇంక మీకు చెప్పడు. వాడి ఒంటి గురించి మంచీ వద్దు, చెడ్డా వద్దు. "నిన్న రాత్రి నిద్రపోలేదు కదా, ఏం ఆలోచిస్తున్నావు?" అని అడగండి, చెప్తున్నంతసేపు మధ్యలో సలహా ఇవ్వకండి. జిమ్ ఫీజు ఆపేయడం, బరువులు బయట పడేయడం వద్దు, దొంగచాటుగా ఇంకో చోటికి వెళ్తాడు. డాక్టర్ దగ్గరికి నువ్వెళ్లు అనకుండా మీరు అపాయింట్‌మెంట్ తీసుకుని వెంట వెళ్లండి, బయట కుర్చీలో కూర్చోండి, వాడు రమ్మంటేనే లోపలికి వెళ్లండి. బీరువాలో సూదులు, వయల్స్ కనబడితే అరిచి గొడవ చేసే ముందు ఫోటో తీసి ఉంచండి, డాక్టర్‌కి ఏం వాడాడో తెలియడానికి అది కావాలి. చావు మాట నోట వచ్చిన రోజున మాత్రం ఇవేవీ చూడకండి, వాణ్ణి ఒంటరిగా వదలకండి, మాత్రలు, సూదులు చేతికి అందకుండా తీసేసి ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి, బండి లేకపోతే 108 కి ఫోన్ చేయండి.